ఎడమచేతి పాళీ

మొన్న శనివారం కొరియర్‌లో వచ్చిన చిన్న అట్టపెట్టెను తెరిచేసరికి లోపలినుంచి సన్నగా నూనె వాసన వచ్చింది. కొత్త పాళీలు తుప్పు పట్టకుండా వాటికి పలచగా నూనె పూసి పంపుతారు. అలాగే ఇంకులో ముంచితే ఇంకు నిలవదు, బొట్లు బొట్లుగా జారిపోతుంది. తడిగుడ్డకు కాస్త సబ్బు రాసి ముందుగా తుడవాలి. ఆ సంగతి తెలిసి కూడా నేను వెంటనే తుడవలేదు. ఒక పాళీని ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను. హోసూరులో నేను ఏడేళ్లుగా పనిచేస్తున్న ఫ్యాక్టరీలో, లోహపు రేకులు నొక్కే ప్రెస్ షాపు దాటాక మూలగా ఉండే టూల్ రూము వాసన అది. ఆ గదిలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసిన తిమ్మరాయన్న పోయి రెండేళ్లవుతోంది. వచ్చే ఆదివారం నుంచి ముగ్గురు కొత్తవాళ్లు అందంగా రాయడం నేర్చుకుంటామని మా ఇంటికి వస్తున్నారు. వాళ్లకోసం తెప్పించిన పాళీలివి. తిమ్మరాయన్న ఎవరో వాళ్లకు తెలియదు. ఏం కొనాలి, ఏం కొనకూడదు అని నేను ఫోన్‌లో వాళ్లకు చెప్పిన మాటలన్నీ మాత్రం ఆయన దగ్గర విన్నవే.

తిమ్మరాయన్నది వేప్పనపల్లి పక్కన ఒక చిన్న పల్లె. గొర్రెలు మేపే కుటుంబం. ఐదో తరగతి దాకా తమిళంలో చదివి, ఆపైన కొన్నేళ్లు మందవెంట తిరిగి, పద్దెనిమిదేళ్లకు హోసూరు వచ్చి ఫ్యాక్టరీలో ఊడ్చే పనికి చేరాడట. ఊడుస్తూనే గ్రైండింగ్ చూసి నేర్చుకున్నాడు. నేను చేరేనాటికి పనిముట్లకు పదును పెట్టాలన్నా, అచ్చుల మీద అక్షరాలూ అంకెలూ చెక్కాలన్నా ఆయన చెయ్యి పడాల్సిందే. అచ్చు మీద అక్షరం తిరగేసి చెక్కితేనే వస్తువు మీద సరిగ్గా పడుతుంది. రోజంతా తిరగేసిన అక్షరాలతో మెలగడంవల్లనేమో, దేన్నయినా రెండువైపులనుంచీ చూసే అలవాటుండేది ఆయనకు. పొట్టి మనిషి. కళ్లద్దాలకు నల్లదారం కట్టి మెడలో వేసుకునేవాడు. మాట తక్కువ. ఎవరైనా తాము చేసిన పని చూపిస్తే వెంటనే బాగుందనీ అనడు, బాగలేదనీ అనడు. వెలుతురుకేసి ఒకసారి తిప్పి చూసి, ఇంకోసారి తిప్పి చూసి, అప్పుడు నోరు తెరిచేవాడు.

నేను అక్కడ ఇన్‌స్పెక్షన్‌లో కాంట్రాక్టు పనికి చేరాను. తయారైన ముక్కలను కొలిచి, పనికిరానివాటి ట్రేకు చీటీ రాసి కట్టడం నా పని. కొలవడం బాగా వచ్చేది. రాయడమే వచ్చేది కాదు. నాది పుట్టుకతో ఎడమచేతివాటం. మా ఊరి బడిలో ఒకటో తరగతిలో పలకమీద ఎడమచేత్తో ‘అ’ దిద్దిన మొదటిరోజే సారు స్కేలు అంచుతో వేళ్ల కణుపులమీద కొట్టాడు. ఇంట్లో అమ్మ ఆ చేతికి గుడ్డ చుట్టి బడికి పంపేది. అమ్మకు నామీద ప్రేమ లేక కాదు. పుర్రచేతి పిల్లను ఎవరు చేసుకుంటారని ఆమె బెంగ. ఐదో తరగతి దాకా తెలుగు, ఆ తర్వాత తమిళం, ఇంగ్లీషు, అన్నీ కుడిచేత్తోనే రాశాను. అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడి దొర్లుతున్నట్టుండేవి. పరీక్ష పేపర్లు దిద్దేవాళ్లు ఎలా చదివారో, ఎలా పాసు చేశారో నాకు ఇప్పటికీ తెలియదు.

చేరిన ఏడాదికి ఒక చీటీలో ట్రే నంబరుకు నేను రాసిన ఏడును ఒకటి అని చదివారు. పక్కన పెట్టాల్సిన ట్రే మంచి సరుకుతో కలిసి బండెక్కింది. నాలుగు రోజుల తర్వాత పంపిన సరుకు మొత్తం తిరిగొచ్చింది. సూపర్‌వైజర్ ఆ చీటీని అందరిముందూ పైకెత్తి, “ఇది ఏ భాష?” అని తమిళంలో అడిగాడు. కొందరు నవ్వారు. పదిహేను రోజుల్లో రాత బాగుపడకపోతే లోడింగుకు మారుస్తానన్నాడు. లోడింగులో ఆడవాళ్లెవరూ లేరు. ఇంటికి పొమ్మని నేరుగా చెప్పకుండా చెప్పిన మాట అది. అప్పటికి మా ఆయనకు కూడా పని సరిగా లేదు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినకుండా నా బల్ల దగ్గరే కూర్చుని, కొలిచిన ముక్కలనే మళ్లీ గేజితో కొలుస్తున్నాను. తిమ్మరాయన్న పదునుపెట్టిన పనిముట్లు ఇవ్వడానికి వచ్చి, నా వెనక ఎంతసేపు నిలబడ్డాడో నేను గమనించలేదు.

“ఏమ్మా, నీది ఏ చెయ్యి?” అన్నాడు.

అంతవరకూ ఆయనతో నేను మాట్లాడింది లేదు. ఆ ప్రశ్న తెలుగులో వినేసరికి బడిలో ఉన్నట్టే అనిపించి చెయ్యి ఒళ్లోకి లాక్కున్నాను.

“రైటేన్నా.”

“గేజి ఎడమ చేత్తో పట్టినావే.”

“అది అలవాటన్నా.”

ఆయన ఇంకో గేజి తీసి నా ముందు బల్లమీద దొర్లించాడు. కిందపడుతుందని చప్పున పట్టుకున్నాను. పట్టుకున్నది ఎడమచెయ్యి.

“అలవాటనేది నేర్చుకునేదమ్మా. ఇది నువ్వు నేర్చుకునింది కాదు,” అన్నాడు. “రేపు బువ్వ తిన్నాక టూల్ రూముకు రా.”

మర్నాడు వెళితే, పాత డ్రాయింగు కాగితాలను వెనక్కు తిప్పి బల్లమీద పరిచి ఉంచాడు. వాటిమీద రెండు పెన్సిళ్లను పక్కపక్కన పెట్టి రబ్బరు బ్యాండు వేసిన కట్ట ఒకటి. ఎందుకన్నా రెండు అని అడిగాను. “ఒకటైతే నువ్వు గీత గీస్తావు. రెండైతే అక్షరానికి ఎంత ఒళ్లుందో కనపడతాది. యాడ లావుగా రావాల, యాడ సన్నంగా రావాల అనేది పెన్సిళ్లు చూసుకుంటాయి. నువ్వు వాటిని తిప్పకుండా పట్టుకో, చాలు.” కాగితం పైభాగాన్ని కుడివైపుకు వాల్చి, నా ముంజేతిని రాసే గీతకు కిందుగా పెట్టించాడు. అలా పెడితే రాసింది చేతికి అంటుకుని చెరిగిపోదు. ఆ చిన్న సంగతి నాకు ఇరవై తొమ్మిదేళ్ల దాకా ఎవరూ చెప్పలేదు.

ఎడమచేత్తో పెన్సిళ్లు పట్టుకున్నాను గానీ గీత వంకరపోతోంది. నా చూపు మాటిమాటికీ తలుపు వైపు పోతోంది. ఆయన లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

“ఎవురూ రారమ్మా. నిన్ను కొట్టిన సారు ఎప్పుడో రిటైరై ఉంటాడు.”

నాకు నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. ఆయన అది చూడనట్టు తన గ్రైండర్ తుడుచుకుంటూ చెప్పాడు: “ఈ చెయ్యి ఇంగా బడికి పోలేదు. కుడి చెయ్యి పన్నెండో క్లాసు పాసైంది, సరే. దీన్ని ఒకటో క్లాసులో ఎయ్యాల. ఒకటో క్లాసు బిడ్డను తిడతారా ఎవురన్నా?” ఆ మాట అని ఆయన ఎందుకో ఆగిపోయాడు. గుడ్డ మడిచి పెట్టి, ఆపైన ఆ పూటకు మళ్లీ మాట్లాడలేదు. ఆ మౌనం ఎందుకో నాకు చాలా రోజులదాకా తెలియలేదు.

పదిహేను రోజులూ మధ్యాహ్నం అరగంట ఆ గదిలో అంకెలే రాశాను. ఒకటి, ఏడు, సున్నా, ఆరు. పదహారో రోజున సూపర్‌వైజర్ వచ్చి నా చీటీల కట్ట తీసుకుని ఒక్కొక్కటే చదివాడు. కట్టను బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. లోడింగు మాట మళ్లీ రాలేదు. ఆ సాయంత్రం తిమ్మరాయన్నకు చెప్పి, ఇక టూల్ రూముకు రానక్కరలేదు కదా అన్నాను. అన్నాను గానీ నాకు రావాలనే ఉంది.

“పని రాత వచ్చేసింది. ఇంగ ఉత్త రాత రాయి,” అన్నాడు.

“ఉత్త రాతంటే?”

“ఎవురూ అడగని రాత. నేను ఇంటికాడ రాస్తా. ఎవురికీ ఇచ్చేది లేదు, చూపించేది లేదు. బాగుంటాది.”

మర్నాడు ఒక కాగితాల చుట్ట తెచ్చి చూపించాడు. వెడల్పు మొన పాళీతో రాసిన తమిళ అక్షరాలు, ఇంగ్లీషు అక్షరాలు, పేజీల నిండా. అచ్చులు చెక్కడానికి ముందు అక్షరాన్ని కాగితంమీద రాసి చూసుకోవడంతో మొదలై, ఇరవై ఏళ్లుగా అదే ఆయనకు ఆదివారపు సరదా అయింది. వాటిలో తెలుగు ఒక్క అక్షరం కూడా లేదు. ఎందుకు లేదంటే, “మాట్లాడేది తెలుగే. రాసేది యాడ నేర్పించినారు మాకు? నువ్వు నేర్పిస్తే రాస్తా,” అన్నాడు. అలా మా బేరం కుదిరింది.

ఆ ఉత్సాహంలో నేను ఒక తప్పు చేశాను. ఫోన్‌లో ప్రకటన చూసి ముప్పై వస్తువులున్న పెట్టె ఒకటి తెప్పించాను. రకరకాల పాళీలు, రంగురంగుల ఇంకులు, వంకర పిడి ఒకటి, బంగారు రంగు పొడి, సీలు వేసే లక్క. ఇంట్లో తెరిచి, నోటుబుక్కులో రాయబోతే పాళీ కాగితాన్ని గీరింది. ఇంకు చెట్టు వేళ్లలా నాలుగు దిక్కులకూ పాకింది. ఒకటి కాకపోతే ఇంకొకటని పాళీలన్నీ మార్చి చూశాను. అన్నీ అంతే. నా చెయ్యే పనికిరానిదన్న పాత దిగులు మళ్లీ పట్టుకుంది. రెండు రోజులు మొహం చాటేసి, మూడోరోజు పెట్టె తీసుకుపోయి ఆయన బల్లమీద పెట్టాను. ఆయన ఒక్కొక్కటీ తీసి, వెలుతురుకేసి తిప్పి చూశాడు.

“నీ తప్పు ఏమీ లేదమ్మా. ఇవన్నీ కుడి చేతివాళ్లకు కోసిన మొనలు. నీ కాగితం ఇంకు తాగే కాగితం,” అన్నాడు. ఒక నిటారు పిడి, ఒక వెడల్పు పాళీ మాత్రం బయట ఉంచి, మిగతావి పెట్టెలో పెట్టి దారంతో కట్టేశాడు. “మూణ్ణెల్లు దీన్ని తెరవద్దు. పెన్నులు ఎక్కువైతే చెయ్యి తప్పించుకుంటాది. అక్షరం సరిగా రాకపోతే ఇంకో పెన్ను మీదికి పోతాది మనసు. ఒగటే ఉంటే, యాడికి పోతావు? ఆ అక్షరం కాడికే రావాల.”

తర్వాత ఆ పాళీని నూనె చుక్క వేసిన సానరాయిమీద పెట్టి, అంచు ఎడమచేతికి అనువైన వైపుకు ఏటవాలుగా వచ్చేట్టు మెల్లగా రుద్దాడు. పది రుద్దులు, భూతద్దంలో ఒక చూపు. మళ్లీ పది రుద్దులు. చివరకు తన గోటిమీద అంచు లాగి చూసుకుని నాకిచ్చాడు. ఇంకులో ముంచి గీత గీశాను. కాగితం గీరుకోలేదు. నల్లటి గీత వెడల్పుగా దిగి, మలుపులో సన్నబడి, మళ్లీ వెడల్పయింది. నా చేతినుంచి అంత చక్కటి గీత రావడం అదే మొదటిసారి. నేను దాన్ని చూస్తూ ఉండిపోతే, ఆయన పాళీ చూస్తూ ఉండిపోయాడు.

కాగితం కొనడానికి ఒక ఆదివారం హోసూరు బజారులో స్టేషనరీ షాపుకు వెళ్లాం. షాపు నడిపే ఆమె ముందు చిరాకు పడింది. తిమ్మరాయన్న రకానికి ఒక షీటు అడిగి తీసుకుని, ప్రతిదానిమీదా ఒక ఇంకు బొట్టు వేసి, ఆరేదాకా నిలబడి, వెనక్కు తిప్పి చూశాడు. నిగనిగలాడే ఖరీదు కాగితం మీద ఇంకు ఆరనే లేదు. నోటుబుక్కు కాగితం మీద వెనకవైపుకు దిగింది. ఆఫీసుల్లో వాడే మందమైన బాండ్ పేపర్ మీద బొట్టు బొట్టులాగే నిలిచింది. “ఇదియ్యండమ్మా,” అన్నాడు. అడుగున గీతల కాగితం పెట్టి రాసుకోవడానికి బటర్ పేపర్ కూడా తీసుకున్నాడు. ఇంకు విషయానికి వస్తే, మామూలు నల్ల ఇంకు సీసా చాలునన్నాడు. పలచగా అనిపిస్తే ఊరినుంచి తెచ్చిన తుమ్మబంక రెండు చుక్కలు కరిగించి కలపాలి. అరగంటలో షాపు ఆమె చిరాకు పోయి, లోపలినుంచి ఇంకో రెండు రకాల కాగితాలు తెచ్చి, “వీటిమీద కూడా వేసి చూడండి అన్నా,” అంది.

తెలుగు అక్షరాలు ఆయన చాలా సరదాగా నేర్చుకున్నాడు. తమిళ అక్షరాలు నిలబడతాయి, ఇవి పడుకుని లేస్తున్నట్టుంటాయి అనేవాడు. సాధనకు ఏం రాయమంటావంటే, చిన్నప్పుడు వాళ్లమ్మ మందలోని గొర్రెల పేర్లు చెప్పాడు. బొల్లి, కర్రి, చుక్క, పుల్ల, మచ్చచెవి. నేను రాసేదాన్ని, ఆయన పక్కన చూసి రాసేవాడు. ‘బొల్లి’లో లావత్తు కింద చేరగానే, “తల్లి కింద పిల్ల దూరినట్టుంది,” అని మురిసిపోయాడు. ఆ పేర్లు అంతకుముందు ఎవరూ ఎక్కడా రాసి ఉండరు. మేమిద్దరం పేజీలకు పేజీలు రాశాం.

రెండో ఏడు ఒక ఆదివారం మళ్లీ అదే షాపులో, నాకు కావలసినవి తీసుకున్నాక, “ఇవే ఇంకో జత కట్టండమ్మా,” అన్నాడు. ఎవరికన్నా అన్నాను. బయట టీ కొట్టు బల్లమీద కూర్చున్నాక చెప్పాడు.

“నా కూతురు భాగ్యకు. ఊత్తంగరైలో ఇచ్చినాము. దానిదీ ఎడమ చెయ్యే.” గ్లాసు కింద పెట్టాడు. “నిన్ను సారు కొట్టినాడు. దాన్ని నేనే కొట్టినాను. ఒగసారి పలక పగిలిపోయేట్టు కొట్టినాను. ఎనిమిదో క్లాసులో ఇంగ పోనని చెప్పేసింది. దానికి చదువు రాదులే అనుకున్నాము అందరం. ఆ పొద్దు నువ్వు గేజి పట్టుకున్నప్పుడు తెలిసింది నాకు, తప్పు యాడ జరిగిందో.”

“ఆమెకు చెప్పినావా అన్నా?”

“ఏమని చెప్పేదమ్మా? ముప్పై రెండేండ్లు దానికి ఇప్పుడు.”

ఆ పెట్టె సిద్ధం చెయ్యడానికి ఆయనకు మూడు వారాలు పట్టింది. మూడు పాళీలు ఎడమచేతికి అనువుగా రుద్దాడు. ఒకటి బాగా వెడల్పు, ఒకటి మధ్యరకం, ఒకటి సన్నం. నచ్చక ఒకదాన్ని పారేసి మళ్లీ చేశాడు. కొత్త పిడి నున్నగా ఉండి జారుతుందని దానికి దారం చుట్టాడు. రబ్బరు బ్యాండుతో కట్టిన రెండు పెన్సిళ్లు పెట్టాడు. కాగితాలను పెట్టె కొలతకు కోశాడు. నేను పక్కన కూర్చుని, అన్నా, ఒక మాట రాసి అందులో పెట్టరాదా అన్నాను. నోటితో చెప్పలేకపోతే రాసి పెట్టవచ్చు కదా, ఇప్పుడు నీకు తెలుగు వచ్చు కదా అన్నాను. ఆయన తల ఊపాడు. రాశాడో లేదో నేను చూడలేదు.

ఆదివారం ఆయన ఊత్తంగరై వెళ్లొచ్చాడు. సోమవారం పనికి రాగానే టూల్ రూముకు వెళ్లాను.

“ఇచ్చినావా అన్నా?”

“ఇచ్చినాను.”

“ఏమనింది?”

“కాపీ తాగి పొమ్మనింది.”

“ఎందుకిచ్చినావో చెప్పినావా?”

ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. “పాళీలు సబ్బుతో తుడిచి వాడమని చెప్పినాను,” అన్నాడు.

ఆ తర్వాత ఏడాదికి ఆయన రిటైరయ్యాడు. అందరూ శాలువాలు కప్పారు. నేను బాండ్ పేపర్ మీద ఆయన పేరు తెలుగులో రాసి ఇచ్చాను. ఆయన తన పూర్తి పేరును ఎప్పుడూ తెలుగులో చూసుకోలేదు. “ఇదంతా నేనేనా?” అని, వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుకుంటూ చివరి ‘ప్ప’ దాకా వెళ్లాడు. ఆయన సొంతూరికి పోయాక ఒకసారి మామిడికాయలు దిగే రోజుల్లో చూడడానికి వెళ్లాను. నాలుగు గొర్రెలు కొన్నాడు. వాటికీ పాత పేర్లే పెట్టాడు. భాగ్య గురించి అడిగితే, బాగుందమ్మా, పండక్కి వచ్చి పోయింది అన్నాడు. పెట్టె సంగతి నేనూ అడగలేదు, ఆయనా ఎత్తలేదు. ఆ ఏడు చలికాలంలో ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు.

ఐదారు నెలలయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం గుడ్డసంచీ పట్టుకుని ఒకామె మా ఇంటి ముందు నిలబడింది. నుదురు, కళ్లు చూడగానే ఎవరో తెలిసింది. లోపలికి రమ్మన్నాను. సంచీలోంచి పెట్టె తీసి మా మధ్య పెట్టింది.

“ఇది మా నాయన ఇచ్చినాడు. ఏమిటికో చెప్పలేదు. నాకు రాతా కోతా రాదని తెలిసీ పెన్నులిచ్చినాడే అని కోపమొచ్చి అటక మీద ఏసినాను. ఆయన పోయినాక దించి చూసినాను.” పాళీలను వేలితో తాకింది. “అన్నీ నా చేతికి సరిపోతా ఉండాయి. లోపల ఈ చీటీ ఉండాది. తెలిసినోళ్లతో చదివించుకోని, మీ ఇల్లు అడుక్కుంటా వచ్చినాను.”

చీటీలో తెలుగులో, ఒక్కో అక్షరం విడివిడిగా, నా పేరు, ఫోన్ నంబరు, దానికింద ‘అడుగు’ అని ఒక మాట ఉన్నాయి. ఇంకేమీ లేదు.

“మా నాయన నా గురించి మీకేమన్నా చెప్పినాడా అక్కా?” అంది భాగ్య.

ఆయన నోటినుంచి రావలసిన మాట అది. నా నోటితో చెప్పవచ్చో లేదో తెలియలేదు. కానీ ఆమె ఊత్తంగరై నుంచి బస్సులు మారి వచ్చింది. టీ కొట్టు దగ్గర విన్నదంతా, ఏమీ కలపకుండా, ఏమీ దాచకుండా చెప్పాను. పలక సంగతి చెప్పాను. తప్పు తనదేనని ఆయన అన్నట్టు చెప్పాను.

భాగ్య చీటీని మడిచి పెట్టెలో పెట్టింది.

“నాకు చెప్పింటే బాగుండు,” అంది. “నేను ఇన్నేండ్లూ నాకు బుర్ర లేదనే అనుకుంటా వచ్చినాను,” అంది.

నేను ఓదార్చలేదు. బల్లమీద కాగితం పరిచి, పైభాగం కుడివైపుకు వాల్చాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, దారం చుట్టిన పిడిని ఎడమచేత్తో తీసుకుంది. బస్సు టైము అయ్యేదాకా ఇద్దరం నిలువు గీతలూ అడ్డగీతలూ రాశాం. ఇప్పటికీ నెలకోసారి వస్తుంది. మొదట్లో గట్టిగా అదిమి రాసేది. కాగితం చిరిగేది. చిరిగితే చిరగనీ అని ఇంకో కాగితం ఇచ్చేదాన్ని. ఈ మధ్య చిరగడం లేదు.

ఆయన దగ్గర నేను చాలా నేర్చుకున్నాను. పాళీ అంచు ఎటు ఉండాలో, కాగితాన్ని ఎలా పరీక్షించాలో, ఒక్క పెన్నుతో ఎలా ఓపిక పట్టాలో. ఆయనకు చేతకానిది ఒకటి కూడా ఆయన వల్లే నేర్చుకున్నాను. దాన్ని నేర్చుకోవడానికే ఎక్కువ కాలం పట్టింది.

పోయిన నెల మా ఇన్‌స్పెక్షన్‌కు కొత్తగా వచ్చిన దీప అనే అమ్మాయిని, కొలతలన్నీ తప్పుగా తీసిందని అందరిముందూ గట్టిగా మందలించాను. ఇప్పుడు ఆ సెక్షన్ చూసేది నేనే. ఆ అమ్మాయి తల వంచుకుని విన్నది. షిఫ్టు అయ్యాక చూస్తే, పొద్దున కొలిచే డయల్ గేజిని సున్నా దగ్గర సరిచూడకుండా ఇచ్చింది నేనే. అప్పటికి దీప వెళ్లిపోయింది. రేపు చెబుదామనుకుని గేటు దాకా వచ్చాను. అక్కడే నిలబడి, ఆమె గది ఎక్కడో తెలిసినవాళ్లను అడిగి, టౌన్ బస్సెక్కి జూజువాడిలో దిగాను. లారీల మధ్యనుంచి రోడ్డు దాటి, టైర్ల కొట్టు పక్క సందులో ఆమె ఉండే గది వెతికి పట్టుకునేసరికి సాయంత్రం ఐదున్నర అయింది. తలుపు తీసి నన్ను చూడగానే ఆమె మొహం పాలిపోయింది. పనిలోంచి తీసేశారని చెప్పడానికి వచ్చాననుకుందట.

“కొలత నువ్వు సరిగానే తీసినావు దీపా. డయల్ నేను చూడకుండా ఇచ్చినాను. తప్పు నాది. రేపు అందరిముందూ చెప్తాను. ముందు నీకు చెప్పాలని వచ్చినాను,” అన్నాను.

“దీనికోసమా అక్కా ఇంత దూరం వచ్చినారు? ఫోన్ చేసింటే సరిపోయేది కదా,” అంది.

“సరిపోదమ్మా,” అన్నాను.

దీప చాపమీదున్న మడతబట్టలు పక్కకు జరిపి నాకు చోటు చూపించింది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లి కూర్చున్నాను.